ప్రయోగశాల ప్లాస్టిక్ గిన్నెలను దేనితో కడగాలి: అనంతపురం అంగళ్లలో దొరికేవాటిపై సమీక్ష

మట్టి, నీటి పరీక్షలు చేసే మా ప్రయోగశాలలో నమూనాలు కలిపే గిన్నెలన్నీ ప్లాస్టిక్‌వే. వాటిని కడగడానికి అనంతపురం అంగళ్లలో దొరికే సబ్బులు, ద్రవాలు, పొడులు, యాసిడ్లలో చాలావాటిని వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. తీర్పు ముందే చెబుతాను. రోజూ కడగడానికి ఫాస్ఫేటు లేని, అటు ఆమ్లమూ ఇటు క్షారమూ కాని ప్రయోగశాల డిటర్జెంటు ద్రవం ఒకటి, తెల్ల పొర పట్టినప్పుడు కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు, జింకు, ఇనుము వంటి సూక్ష్మపోషకాల పరీక్షకు వెళ్లే గిన్నెలకు మాత్రం పలుచని యాసిడ్ ఉంటే చాలు, మిగిలినవేవీ కొనవలసిన పని లేదు. అయితే ఏది ఎందుకు పనికొస్తుందో, ఏది ఎక్కడ చెడగొడుతుందో తెలియకుండా ఈ మూడింటినే తెచ్చిపెట్టుకున్నా ఫలితం దక్కదు కనుక కాస్త వివరంగానే రాయవలసి వస్తోంది.

ప్లాస్టిక్ గిన్నెలు చవక కాబట్టి వాడతారని చాలామంది అనుకుంటారు గానీ అసలు కారణం లోహపు భయం. మట్టిలో మొక్కకు అందే జింకు కిలోకు 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువగా ఉంటే ఆ పొలానికి జింకు లోపం ఉన్నట్టు లెక్క. మట్టిలోని లోహాలను పట్టి లాగే డీటీపీఏ అనే రసాయనం ద్రావణంతో చేసే పరీక్షలో సాధారణంగా పాటించే హద్దు అది. ఇంత చిన్న మొత్తాన్ని కొలవవలసిన చోట జింకు పూత పూసిన రేకు గిన్నెలో మట్టి కలిపితే, పూత నుంచి రాలిన జింకు కూడా మట్టిలోని జింకుగానే చీటీలోకి ఎక్కి, లోపమున్న రైతుకు లోపం లేదని రాసి ఇచ్చినట్టవుతుంది. బోరాన్ విషయంలో గాజునూ నమ్మడానికి లేదు, ఎందుకంటే ప్రయోగశాలల్లో వాడే గట్టి గాజులో బోరాన్ ఒక భాగం. ఫ్లోరైడ్ పరీక్షకు తెచ్చే నీటిని ప్లాస్టిక్ సీసాలోనే పట్టమని చెబుతాము, ఈ జిల్లాలో ఫ్లోరైడ్ ఎంత పాత బాధో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మా గిన్నె కంటికి శుభ్రంగా కనబడితే సరిపోదు. కడిగిన పదార్థం తాలూకు జింకు, బోరాన్, ఫాస్ఫేటు, సోడియం వంటివేవీ అందులో మిగలకూడదు. నా సమీక్షకు ప్రధానమైన కొలబద్ద ఇదే. మురికి వదలడం రెండోది, గిన్నె పాడవకుండా ఉండడం మూడోది.

కొనేముందు గిన్నెను బోర్లించి అడుగున చూడాలి. బాణాల త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్, 2 ఉంటే గట్టి పాలిథిన్, అంటే హెచ్‌డీపీఈ. మట్టి పనికి ఈ రెండే ఉత్తమమైనవి, పలుచని యాసిడ్లకూ క్షారాలకూ ఇవి పెద్దగా చలించవు. పాలీప్రొపిలీన్ అయితే ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్ యంత్రపు 121 డిగ్రీల వేడికి కూడా తట్టుకుంటుంది. 6 అంకె ఉన్నది పాలీస్టైరీన్, పెళుసు. అద్దంలా మెరిసే గట్టి గిన్నెలు తరచుగా పాలీకార్బొనేట్‌వో యాక్రిలిక్‌వో అయి ఉంటాయి, వాటిమీద చాలాసార్లు 7 అంకె కనిపిస్తుంది. ఆ మెరుపు చూసి మోజుపడి కొన్నవారు తరవాత వాటిని కడగడానికి తగిన మందు కోసం వెతుక్కోవలసి వస్తుంది. రంగు వేసిన గిన్నెలు కూడా నాకు నచ్చవు. రంగు పదార్థాల్లో లోహాల సమ్మేళనాలు ఉండే వీలుంది కనుక పాలవంటి తెలుపుతో, రంగు కలపకుండా వచ్చేవే మేలు. దంతవైద్యులు దంతాల అచ్చులకు పిండి కలిపే రబ్బరు గిన్నెలను కొందరు మట్టికీ వాడతారు, కానీ రబ్బరును గట్టిపరిచేటప్పుడు జింకు ఆక్సైడ్ కలుపుతారు కాబట్టి జింకు పరీక్షకు అవి అసలే పనికిరావు.

ఇక నీటి సంగతి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించి ప్రకటించిన ప్రమాణం ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. మా దగ్గరికి పరీక్షకు వచ్చే బోరు నీళ్లలో ఆ రెండో హద్దును కూడా దాటేవి ఉన్నాయి. ఇటువంటి నీటిలో సాధారణ సబ్బు నురగ రాదు. కాల్షియం, మెగ్నీషియంతో కలిసి జిగురు వంటి తెట్టుగా మారి గిన్నె గోడకు అతుక్కుంటుంది. ఆరిన తరవాత తెల్ల మచ్చలు మిగిలేది కూడా ఆ నీటి వల్లనే. సబ్బు బాగాలేదని అంగడి మార్చేవారు ముందు తమ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది.

పాత్రలు తోమే బిళ్ల సబ్బు వీధి చివర చిన్న అంగట్లో కూడా దొరుకుతుంది, ధర తక్కువ, జిడ్డు బాగా వదులుస్తుంది. స్టీలు పాత్రకు అది సరైనదే. అయితే చాలా బిళ్లల్లో రాపిడి కోసం మెత్తని రాతిపొడి కలిపి ఉంటుంది, వేళ్ల మధ్య తడి సబ్బును నలిపి చూస్తే గరుకు తెలిసిపోతుంది. ఆ గరుకు ప్లాస్టిక్ మీద కంటికి ఆనని గీతలు పెడుతుంది. స్టీలు పీచు, పచ్చ స్క్రబ్బరు తోడైతే గీతలు ఇంకా లోతవుతాయి. నల్లరేగడి మట్టిలోని బంకరేణువులు ఆ గీతల్లో దూరి, ముందు నమూనా మట్టి తరవాతి నమూనాలో కలుస్తుంది. కొబ్బరి పీచు స్టీలు పీచు కన్నా నయమే గానీ మెత్తని స్పాంజి ఉండగా దాని అవసరం లేదు. గీతలు పడిన గిన్నెను ఏ మందూ బాగుచేయదు, దాన్ని ముతక పనులకు దించేయడమే దారి. అందువల్ల బిళ్ల సబ్బును నేను పూర్తిగా తోసిపుచ్చుతున్నాను.

బట్టల పొడి కూడా అంతే, కారణాలు మాత్రం వేరు. ఇందులో బట్టల సోడా, సోడియం సల్ఫేటు దండిగా ఉంటాయి, బట్టలకు తెల్లదనపు భ్రమ కలిగించే మెరుపు పదార్థాలు ఉంటాయి, కొన్నింటిలో ఫాస్ఫేటో బోరాన్ సమ్మేళనమో కూడా ఉంటుంది. మట్టిలో భాస్వరాన్ని మేము ఓల్సెన్ పద్ధతిలో, 8.5 ఉదజని సూచిక (పీహెచ్) గల సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో తీసి కొలుస్తాము. గిన్నెకు అంటుకుని మిగిలిన ఫాస్ఫేటు నేరుగా ఆ లెక్కలో చేరుతుంది. బోరాన్ పరీక్షలోనూ ఇదే ఇబ్బంది. పొట్లం మీద ఫాస్ఫేటు లేదని రాసి ఉన్నవి దొరుకుతాయి గానీ వాటిలోనూ సోడా ఉంటుంది కనుక విద్యుత్ వాహకత (కరిగిన లవణాలు ఎంతో తెలిపే కొలత), ఉదజని సూచిక కొలిచే గిన్నెలకు నేను వాడను. గచ్చు కడుక్కోవడానికి నిక్షేపంలా పనికొస్తుంది.

వంటింటి పాత్రల ద్రవం విషయంలో నా అభిప్రాయం కొంత మెత్తబడింది. రాతిపొడి ఉండదు, బోరు నీటిలో కూడా నురగ బాగానే వస్తుంది, కడిగేవారి చేతులను అంతగా మండించదు. ఏదో కారణాన ప్రయోగశాల డిటర్జెంటు అందనప్పుడు నీళ్లలో పలుచగా కలుపుకుని వాడితే తప్పు లేదు. కానీ చిక్కదనం కోసం ఇందులో మామూలు ఉప్పు కలపడం పరిపాటి, నీటిలో క్లోరైడ్ కొలిచే గిన్నెకు అది మంచిది కాదు. నిమ్మ వాసన కోసం కలిపే నూనెలు పాలీప్రొపిలీన్‌లోకి ఇంకి, ఎన్నిసార్లు కడిగినా పోని వాసనగా నిలిచిపోతాయి. రంగూ వాసనా లేని ద్రవం వంటింటి సరుకుల్లో దొరికితే అది కొనడం మేలు. ఇక్కడే ఇంకో మాట. మా దగ్గర పనిచేసే ఒక పెద్దాయన కుంకుడు రసం వాడమని పట్టుబట్టేవాడు. నురగ వస్తుంది, చేతికి హాని లేదు, పట్టుచీరకు దాన్ని మించినది లేదు. కానీ అది చెట్టు కాయ. దానిలోనూ పొటాషియం, జింకు, ఇనుము ఉంటాయి, పైగా గోధుమ రంగు చార విడిచిపెడుతుంది. పరీక్షల గదికి అది తగదని ఆయనకు నచ్చజెప్పడం మాత్రం తేలిక కాలేదు.

ప్రయోగశాలల కోసమే తయారైన డిటర్జెంట్ల దగ్గరికి వస్తే, మన దేశంలో ఎక్కువగా వినిపించే పేర్లు లాబోలీన్, ఎక్స్‌ట్రాన్, టీపాల్. ఊళ్లో రసాయనాలు, గాజు సామాను అమ్మే అంగళ్లలో ఇవి ఎప్పుడూ నిల్వ ఉండవు. ముందుగా చెప్పి ఉంచితే బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించి ఇస్తారు. ధర వంటింటి ద్రవం కన్నా బాగా ఎక్కువ. అయితే ఇవి చిక్కని రూపంలో వస్తాయి, లీటరు నీటికి పది ఇరవై మిల్లీలీటర్లు కలిపితే మా మట్టి గిన్నెలకు సరిపోతుంది కాబట్టి నెలాఖరుకు లెక్క చూసుకుంటే తేడా భయపడేంతగా ఉండదు. కొనేటప్పుడు అసలు జాగ్రత్త పేరు దగ్గర కాదు, ఆ పేరులోని రకం దగ్గర తీసుకోవాలి. లాబోలీన్‌లో తటస్థమైనదీ క్షారగుణం గలదీ రెండూ ఉన్నాయి. ఎక్స్‌ట్రాన్‌లో ఎంఏ 01 క్షారం, ఎంఏ 02 తటస్థం. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, అంగడివారు చేతికి దొరికినది ఇచ్చేస్తారు. పాలీప్రొపిలీన్, హెచ్‌డీపీఈ గిన్నెలు క్షారానికి తట్టుకుంటాయి గానీ పాలీకార్బొనేట్‌ను క్షారం క్రమంగా తినేస్తుంది, వేడి నీటిలో అయితే ఇంకా త్వరగా. ముందు మసకబారుతుంది, తరవాత సన్నని పగుళ్లు వస్తాయి, ఒకరోజు చేతిలోనే విరుగుతుంది. అన్ని రకాల గిన్నెలూ కలగలిసి ఉన్న చోట తటస్థ రకమే కొనాలి.

నేను ఎక్కువగా ఆధారపడేది తటస్థ ద్రవం మీదనే. మట్టి గిన్నెలను ముందు పొడిగా ఉండగానే మెత్తని బ్రష్షుతో దులిపి, డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీటిలో కాసేపు నానబెట్టి, స్పాంజితో ఒకసారి తుడిస్తే ఎర్రనేల మట్టి దాదాపుగా వదిలిపోతుంది. నల్లరేగడికి ఇంకాస్త నానాలి, తొందరపడి రుద్దితే లాభం లేదు. నురగ మరీ ఎక్కువ రాకపోవడం కూడా నాకు నచ్చిన గుణమే, నురగ తగ్గితే కడిగే నీళ్లూ తగ్గుతాయి. అనంతపురంలో ఆ లెక్క చిన్నది కాదు. లోపం చెప్పాలంటే, నూనెగింజల పిండి వంటి జిడ్డు నమూనాలు కలిపిన గిన్నెకు ఇది ఒక్కసారితో చాలదు. ప్లాస్టిక్‌కు నూనె అంటే ఇష్టం, గాజులా వదిలిపెట్టదు. అటువంటి గిన్నెలు పాలీప్రొపిలీన్‌వి అయితే క్షార రకంతో ఒకసారి కడిగి తరవాత మామూలు పద్ధతికి రావచ్చు.

అందరూ చిన్నచూపు చూసే నిమ్మ ఉప్పును నేను రెండో స్థానంలో పెడతాను. శీతల పానీయాల కోసం కిరాణా అంగళ్లలో పొట్లాలు కట్టి అమ్మేది ఇదే సిట్రిక్ ఆమ్లం. లీటరు నీటికి రెండు మూడు చెంచాలు కలిపి గిన్నెలో నింపి ఉంచితే బోరు నీటి తెల్ల పొర కరిగిపోతుంది. ఎర్రమట్టి మరక ఇనుము ఆక్సైడే కాబట్టి, ఇనుమును పట్టి లాగే గుణమున్న నిమ్మ ఉప్పుతో అది కూడా పలుచబడుతుంది. ఘాటు లేదు, పొగ లేదు, కింద ఒలికినా తుడుచుకుంటే సరిపోతుంది. నాపరాతి గట్టు మీద మాత్రం ఒలకనివ్వకూడదు, ఆ రాయి సున్నపురాయే కనుక మరక పడి గరుకెక్కుతుంది. లోహాలను పట్టుకునే ఇదే గుణం వల్ల గిన్నెలో శేషం మిగిలితే పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది, అందుకని నిమ్మ ఉప్పు వాడిన తరవాత ఒక కడుగు అదనంగా వేయాలి.

జింకు, రాగి, మాంగనీసు, ఇనుము కొలవబోయే గిన్నెలకు డిటర్జెంటు తరవాత ఇంకో మెట్టు ఉంది. ప్రయోగశాల శ్రేణి నైట్రిక్ ఆమ్లాన్నో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నో పది శాతానికి పలుచన చేసి, అందులో రాత్రంతా నానబెట్టి, పొద్దున డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు తొలిచితే గోడకు అతుక్కున్న లోహపు జాడలు పోతాయి. ఎప్పుడూ నీటిలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీరు పోయకూడదు. చిక్కని నైట్రిక్ ఆమ్లం పాలీప్రొపిలీన్‌ను కూడా పెళుసు చేస్తుంది, నైలాన్ గరిటెలకైతే పలుచనిది కూడా పడదు. ఈ పనికి సైకిళ్ల మీద, బండ్ల మీద అమ్మే స్నానాలగది యాసిడ్‌ను వాడవచ్చా అని నన్ను అడిగినవాళ్లున్నారు. అది పసుపు రంగులో ఉండటానికి కారణం అందులో కలిసిపోయిన ఇనుమే. ఇనుమును వదిలించడానికి ఇనుము కలిసిన ద్రవం వాడటం ఎంత తెలివైన పనో వారే ఆలోచించుకోవాలి. పాతకాలపు కళాశాలల్లో గాజు సామానుకు వాడిన క్రోమిక్ ఆమ్లాన్ని ప్లాస్టిక్ దగ్గరికే రానివ్వకూడదు. అది ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది, అందులోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం, పారబోయడానికీ దారి ఉండదు.

బ్లీచింగ్ ద్రావణం సూక్ష్మజీవుల పనికి తప్ప మాకు అక్కరలేదు. బ్యాక్టీరియా పరీక్ష నీళ్లు తగిలిన గిన్నెను ఈ ద్రావణంలో, అంటే సోడియం హైపోక్లోరైట్‌లో, కాసేపు ఉంచి బాగా తొలిస్తే చాలు. గంటల తరబడి అందులోనే వదిలేస్తే ప్లాస్టిక్ ముసలిదైపోతుంది, మిగిలిన క్లోరిన్ స్పాడ్న్స్ రంగు పద్ధతిలో చేసే ఫ్లోరైడ్ పరీక్షను చెడగొడుతుంది. దీన్ని యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమోనియా ఉన్న ద్రవంతో కలిపితే క్లోరమైన్లు పుడతాయి, రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదమే. మా గదిలో బ్లీచ్ డబ్బా ఒక గోడ వైపు, నిమ్మ ఉప్పు, యాసిడ్లు ఎదురు గోడ వైపు ఉంటాయి. పక్కపక్కన పెట్టడాన్ని నేను ఒప్పుకోను, కొత్తగా చేరినవారికి మొదటి రోజు చెప్పేది ఇదే.

స్పిరిటు, అసిటోన్ గురించి ఎక్కువ చెప్పను. అసిటోన్ తగిలితే పాలీస్టైరీన్ కరుగుతుంది, పాలీకార్బొనేట్ తెల్లబడి పగులుతుంది. స్పిరిటుతో యాక్రిలిక్ మీద సాలెగూడు పగుళ్లు వస్తాయి. స్కెచ్ పెన్ను గుర్తులు చెరపడానికి పాలీప్రొపిలీన్ గిన్నె మీద గుడ్డకు తడిచేసిన స్పిరిటు వాడవచ్చు, అంతవరకే. ఫినాయిలు నేలకు మాత్రమే.

ఏ మందు వాడినా చివరి కడుగే అసలు పరీక్ష. గాజును చూసినట్టు నీరు పొరలా పారుతోందా, బొట్లుగా విడిపోతోందా అని ప్లాస్టిక్‌ను చూడకూడదు. పాలీప్రొపిలీన్ ఎంత శుభ్రంగా ఉన్నా నీరు దానిపై బొట్లుగానే నిలుస్తుంది, శుభ్రంగా లేదని భ్రమపడి మళ్లీమళ్లీ డిటర్జెంటు పూసేవారిని చూశాను. విద్యుత్ వాహకత కొలిచే పరికరం ప్రతి మట్టి ప్రయోగశాలలోనూ ఉంటుంది కదా, దాన్నే వాడుకోవాలి. డిస్టిల్డ్ వాటర్ వాహకత ముందు చూసి, అదే నీటిని కడిగిన గిన్నెలో పోసి కలియదిప్పి మళ్లీ చూస్తే, రెండు అంకెలూ దాదాపు ఒకటే అయితే గిన్నె సిద్ధమైనట్టే. ఈ పరీక్ష పెట్టిన తరవాతనే వంటింటి ద్రవానికి ఎన్ని కడుగులు ఎక్కువ కావాలో నాకు స్పష్టంగా తెలిసింది. వాహన విడిభాగాల అంగళ్లలో క్యాన్లతో అమ్మే బ్యాటరీ నీళ్లను డిస్టిల్డ్ వాటర్‌గా వాడుకునేవారు ప్రతి క్యానుకూ ముందుగా ఈ కొలత తీసుకోవాలి, ఎందుకంటే క్యానుకూ క్యానుకూ నీరు ఒకేలా ఉండదు. జింకు వంటివాటికి వాహకత చాలదు, మట్టి లేకుండా ద్రావణం మాత్రమే గిన్నెలో పోసి ఉంచి లోహాలను కొలిచే యంత్రం మీద పెట్టి చూసుకోవాలి.

మట్టి కణాల పరిమాణం తేల్చే పరీక్షకు వాడే గిన్నెలను నేను వేరుగా గుర్తుపెట్టి ఉంచుతాను, వాటిలో మట్టి కణాలను విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేటు వేస్తాము కాబట్టి ఎంత మంచి డిటర్జెంటుతో కడిగినా భాస్వరం పరీక్షకు, ఫ్లోరైడ్ పరీక్షకు వాటిని ఇవ్వను. కడిగేవారికి పొడి లేని నైట్రైల్ గ్లౌజులు ఇవ్వాలి, మామూలు రబ్బరు గ్లౌజుల నుంచి కూడా జింకు దిగుతుంది. డిటర్జెంటు కొనబోయేవారు మొదట అర లీటరు సీసాతో మొదలుపెట్టి, తమ నీటికీ తమ గిన్నెలకూ సరిపడితే అప్పుడు అయిదు లీటర్ల డబ్బాకు వెళ్లడం మంచిది. గిన్నెలు ఆరబెట్టే స్టాండు సంగతి కూడా కొనేటప్పుడే చూసుకోవాలి. సామాను అంగళ్లలో చవకగా దొరికే తీగ స్టాండ్లు చాలావరకు జింకు పూతవే, యాసిడ్ కడుగు పూర్తయిన గిన్నెను తడితో వాటిమీద బోర్లిస్తే అంచుకు మళ్లీ జింకు అంటుతుంది. ప్లాస్టిక్ స్టాండు అడిగి తీసుకోవాలి.